దారింకమ్మ తువ్వాలు, స్తమెన ఫ్యాను

మా మేనల్లుడి పెళ్లి ఆగిపోవాలని నేను ఏనాడూ కోరుకోలేదు. ఊళ్లో కొందరు ఇప్పటికీ మరో రకంగా చెప్పుకుంటున్నారు కాబట్టి ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. నేను కోరుకున్నది ఒక్కటే: వాడి ట్రక్కుకు బిగించిన కరెంటు ఫ్యాను కొండ మధ్యలో చతికిలబడాలని. ఆ రెండూ ఒకటేనన్న సంగతి పెళ్లిరోజు పొద్దున పదిన్నర దాకా నా బుర్రకు ఎక్కలేదు.

మేనల్లుడి పేరు వుకొమన్. అక్క పోయాక నా దగ్గరే, నా రిపేరు షెడ్డులోనే పెరిగాడు. రెండేళ్ల కిందట సైన్యం వాళ్ల వేలంలో ఒక పాత రష్యన్ ట్రక్కు కొన్నాడు. రాళ్లలోనైనా బురదలోనైనా వెళ్లే బండి, చక్రాలు నా నడుము దాకా వస్తాయి. ఇంజిన్ ఒక్కటే చచ్చింది. దాన్ని పీకేసి, ఎక్కడో గుద్దుకుని తుక్కుకు వచ్చిన ఒక జర్మన్ కారు డీజిల్ ఇంజిన్ తెచ్చి, ఆ చలికాలమంతా ఇద్దరం కూర్చుని అందులో ఇమిడ్చాం. కోశాం, అతికాం, మళ్లీ కోశాం. అంతవరకూ మా ఇద్దరికీ ఒక్క మాట తేడా రాలేదు. రేడియేటర్‌కు గాలి కొట్టే ఫ్యాను దగ్గర వచ్చింది.

నేను ఇనుప ఫ్యాను తెచ్చాను. అయిదు రెక్కలది. ఇంజిన్ ముక్కుకు బిగిస్తే బెల్టుతో తిరుగుతుంది. రెక్కలు సానబెట్టి, బ్యాలెన్స్ చూసి, ఆకుపచ్చ రంగు కూడా వేశాను. అంత ముద్దుగా నా పెళ్లిలో నేను కూడా తయారవలేదు.

సరిగ్గా అప్పుడే వచ్చింది స్తమెన. వుకొమన్ చేసుకోబోయే పిల్ల. పాలకేంద్రంలో పాలు చల్లబరిచే పెద్ద తొట్ల మోటార్లు బాగుచేసే పని ఆమెది. వచ్చీ రాగానే బానెట్ కిందికి వంగి, ఇంజిన్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో నాలుగు వేళ్లు పెట్టి చూసి, "కరెంటు ఫ్యానే పడుతుంది" అంది.

"ఎందుకూ? నాది పట్టదా?" అన్నాను.

"పడుతుంది మామయ్యా. కానీ వాగులో దిగినప్పుడు నీళ్లు కొట్టి రెక్కలు వంగుతాయి, రేడియేటర్‌ను కోసేస్తాయి. కరెంటుదైతే వాగు ముందు ఆపుకోవచ్చు, దాటాక వేసుకోవచ్చు."

"దాటాక వెయ్యడం మర్చిపోతే?"

"స్విచ్ పక్కన లైటు పెడతాను."

"లైటు మాడిపోతే?"

"ముందు నువ్వు మాడిపోకుండా ఉండు మామయ్యా, లైటు సంగతి నేను చూసుకుంటా."

"చూడమ్మాయ్. నాది ఇంజిన్ తిరిగినంతసేపూ తిరుగుతుంది. దానికి ఫ్యూజు లేదు, తీగ లేదు, మూడ్ లేదు. కొండ ఎక్కేటప్పుడు బండి నడకంత నెమ్మదిగా పోతుంది, ఇంజిన్ మాత్రం గొంతు చించుకుంటుంది. అప్పుడు గాలి ఎవరు కొడతారు? నీ ప్లాస్టిక్ విసనకర్రా?"

వుకొమన్ మా ఇద్దరి మధ్యా నిలబడి, అప్పటికే తుడిచిన స్పానర్‌నే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు. "నువ్వు చెప్పరా" అన్నాం ఇద్దరం ఒక్కసారే. వాడు నావైపు చూశాడు. ఆ పిల్లవైపు చూశాడు. "ఇనుప ఫ్యాను చాలా అందంగా ఉంది మామయ్యా" అన్నాడు. దాంతో నాకు అర్థమైపోయింది. ఓడిపోయిన వస్తువునే అలా పొగుడుతారు.

ఆ సాయంత్రమే స్తమెన కరెంటు ఫ్యాను బిగించేసింది. రేడియేటర్ వెనక కూర్చుని ముందునుంచి గాలి లోపలికి లాక్కునే రకం. ఎర్ర తీగ, నల్ల తీగ, ఒక స్విచ్, ఒక పచ్చలైటు. నేను వారం రోజులు వుకొమన్‌తో మాట్లాడలేదు, పనిమీద తప్ప.

ఇంత గొడవలోనూ నాకు తోడు నిలిచినవాడు ఒక్కడే, స్తమెన తండ్రి రదోయ్కొ. కొండమీద కామెనిత్సా అనే ఊళ్లో ఉంటాడు. నలభై ఏళ్ల ట్రాక్టరు ఒకటి ఉంది, దాన్ని ఎవరైనా ముట్టుకుంటే ఆయన కళ్లతోనే కాల్చేస్తాడు. రాజకీయాల్లో, ఫుట్‌బాల్‌లో, సారా ఎన్నిసార్లు కాచాలన్న దాంట్లో మా ఇద్దరికీ ఎన్నడూ కుదరలేదు. ఫ్యాను దగ్గర మాత్రం ఒకే తల్లి బిడ్డల్లా కలిసిపోయాం.

ఒకరోజు హోటల్లో పదిమంది ముందు రదోయ్కొ బల్ల గుద్ది చెప్పాడు: "పెళ్లిరోజున వరుడి బండి నా గుమ్మం దాకా సొంతంగా ఎక్కి రావాలి. తాడేసి లాగించుకొచ్చే వాడికి నా పిల్లనివ్వను. ఆ కరెంటు బొమ్మతో నా కొండ ఎక్కమనండి చూద్దాం. ఏమంటారు బావగారూ?"

నాకేం పోయేకాలమో, నేనూ బల్ల గుద్దాను. "ఎక్కదు బావగారూ. రాసిస్తా."

నవ్వులాటగా అన్నాడనుకున్నాను. కాదు. రదోయ్కొ తమాషాకు అన్న మాట మీద కూడా ఇరవై ఏళ్లు నిలబడే మనిషి. దానికితోడు ముహూర్తం కూడా మెడమీద కత్తిలా పడింది. చర్చిలో ఆ ఆదివారం పెళ్లి తప్పితే మర్నాటినుంచి పేత్రోవ్ ఉపవాసాలు మొదలు, అవి అయ్యేదాకా ఏ ఫాదరూ పెళ్లి చెయ్యడు. మధ్యాహ్నం పన్నెండులోగా వధువును ఇల్లు దాటించాలి. వసంతంలో కొండచరియ విరిగి మంచి రోడ్డు పోయింది, మిగిలింది వాగు దాటి పైకి పోయే రాళ్లబాట. దాన్ని ఎక్కగలిగింది వుకొమన్ ట్రక్కే. ఎక్కితే నేను పదిమందిలో అబద్ధాలకోరును, ఎక్కకపోతే నా చేతుల్లో పెరిగిన పిల్లాడి పెళ్లి అటకెక్కుతుంది.

పెళ్లిరోజు పొద్దున మా అమ్మ దారింక తువ్వాలు తెచ్చింది. ఆమెకు ఎనభై నాలుగేళ్లు. చలికాలమంతా మగ్గం ముందు కూర్చుని నేసింది, మంచం దుప్పటంత ఉంది, దానిమీద ఎర్ర కోడిపుంజులు. మా ఇంట్లో వరుడి గుర్రం రొమ్ముకు తువ్వాలు కట్టేవారు, తర్వాత ట్రాక్టర్లకు కట్టారు. వధువు గుమ్మంలోంచి వచ్చి తన చేత్తో ముడులు విప్పాలి. ఈలోపల ఇంకెవరు విప్పినా ఆ పెళ్లి నిలవదట. మా తాత తమ్ముడి పెళ్లిలో ఎవరో విప్పారు, పెళ్లికూతురు మూడోనాడే బాకాలు ఊదేవాడితో వెళ్లిపోయింది. ఈ కథ మా అమ్మ ప్రతి పెళ్లికీ చెబుతుంది, బాకాలు ఊదేవాళ్ల ముందే.

తువ్వాలు చాలా పెద్దది కావడంతో ట్రక్కు మూతి మొత్తం కప్పేసింది, ఈ లైటు నుంచి ఆ లైటు దాకా. ఏడు ముళ్లు. అమ్మ చేతుల్లో బలం లేదని నేనే బిగించాను. బిగిస్తూ వుకొమన్‌కు క్లాసు పీకుతూనే ఉన్నాను.

"గాలి రా, గాలి! ఇంజిన్‌కు కావాల్సింది గాలి. గాలి ఆడకపోతే ఏ ఇంజిన్ అయినా ఉడుకుతుంది. నీకు ఇన్నేళ్లు ఏం నేర్పాను?"

"అవును మామయ్యా."

"ఆ ముడి ఇటు ఇవ్వు. ఇంకా గట్టిగా లాగు."

ముప్ఫై ఏళ్ల అనుభవం నాది. ఆ ముడులు వేసిన చేతులు ఇవే.

ఎవరూ చూడకుండా ఇంకో పని కూడా చేశాను. నా ఇనుప ఫ్యానును, బెల్టును, స్పానర్లను ఒక కంబళిలో చుట్టి ట్రక్కు వెనక పడేశాను. వీడి బొమ్మ చచ్చిన క్షణాన అందరి ముందూ నాది తీసి బిగిస్తాను, పెళ్లీ జరుగుతుంది, నా మాటా నిలుస్తుంది. లెక్క బాగానే ఉందనిపించింది.

తొమ్మిదిన్నరకు బయల్దేరాం. వుకొమన్ స్టీరింగు దగ్గర, మధ్యలో మా అమ్మ, ఈ పక్కన నేను. చుట్టాలంతా వెనక నడుస్తున్నారు, వాళ్ల ముందు ఇద్దరు బాకాలవాళ్లు. పెళ్లివారు నడుస్తుంటే బండి వాళ్లను దాటి పోకూడదు, కాబట్టి నడకే. వాగు దగ్గర వుకొమన్ ఫ్యాను ఆపాడు, దాటాక వేశాడు, పచ్చలైటు వెలిగింది. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

సగం కొండ ఎక్కేసరికి వేడి చూపించే ముల్లు లేవడం మొదలుపెట్టింది. మొదట నెమ్మదిగా, తర్వాత తొందరగా. ఎర్రగీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి, కుతకుతమని చప్పుడు. వుకొమన్ బండి ఆపి ఇంజిన్ కట్టేశాడు. బాకాలు కూడా ఆగిపోయాయి.

దాచడమెందుకు, నాకు సంతోషమేసింది. "చెప్పానా? చెప్పానా లేదా?" అంటూ దూకినట్టే దిగాను. వెనక్కి పోయి కంబళి లాగి, ఆకుపచ్చ ఫ్యానును రెండు చేతులా ఎత్తి చూపించాను.

వుకొమన్ రోడ్డు పక్క రాయిమీద కూర్చున్నాడు. తెల్లచొక్కా, కోటు మీద పువ్వు. మోకాళ్లమీద చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. అక్కను సాగనంపిన రోజున కూడా సరిగ్గా ఇలాగే కూర్చున్నాడు, పదకొండేళ్ల వయసులో.

నా చేతిలోని ఫ్యాను ఉన్నట్టుండి బరువైపోయింది. ఛీ, నేనేం మనిషిని అనిపించింది.

"లేరా. గంటలో ఇది బిగించేద్దాం" అన్నాను మెల్లగా.

"టైం పదిన్నర మామయ్యా. రెండు గంటలు పడుతుంది. నీకూ తెలుసు."

తెలుసు. నీళ్లు చల్లారనివ్వాలి, రేడియేటర్ దింపాలి, బెల్టు ఎక్కించాలి. పైన కొండకొమ్మున ట్రాక్టరు చప్పుడు వినిపించింది. తలెత్తి చూస్తే రదోయ్కొ, పెళ్లి కోటు వేసుకుని, ట్రాక్టరు మీద, భుజానికి తాడుచుట్టతో. మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. అంత ప్రేమగా ఆయన నాకెప్పుడూ చెయ్యి ఊపలేదు.

"ఫ్యాను తిరుగుతోందా అసలు?" అని నాకే అనుమానమొచ్చింది. ఇంజిన్ కట్టేసినా స్విచ్ వేస్తే అది తిరుగుతుంది కదా. వుకొమన్ లేచి వేశాడు. రివ్వున తిరిగింది. దాంతో పాటే తువ్వాలు చప్పున లోపలికి గుంజుకుపోయి మూతికి అతుక్కుంది. ఎర్ర కోడిపుంజుల మీద జాలీ చువ్వలన్నీ అచ్చు పడ్డట్టు కనిపించాయి.

నేనూ వుకొమనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"గాలి రా, గాలి" అన్నాడు వాడు, నా గొంతుతోనే.

తువ్వాలు విప్పబోయాను. "ముట్టుకున్నావో!" అని సీట్లోంచే కర్ర లేపింది అమ్మ.

"అమ్మా, ఇంజిన్‌కు ఊపిరాడటం లేదే!"

"మా ఆయన గుర్రానికి ఆడింది. నీ ఇంజిన్‌కు ఆడదా?"

"గుర్రం ముక్కుతో పీల్చుకుంటుందే, రొమ్ముతో కాదు!"

"అయితే దీనికీ ముక్కు ఇంకోచోట పెట్టించుకోవాల్సింది. ముప్ఫై ఏళ్లుగా ఏం పీకుతున్నావు ఆ షెడ్డులో? ముడులు వేసింది నువ్వేగా?"

అంతమంది ముందు ఆ మాట అనకపోయినా బాగుండేది. బాకాలు ఊదే ఇద్దరూ, తాత తమ్ముడి పెళ్లాం గుర్తొచ్చిందో ఏమో, రెండడుగులు వెనక్కి వేశారు. ఇక తువ్వాలు జోలికి ఎవడూ రాడు.

మిగిలింది ఒక్కటే దారి. ఆ పొద్దున వరుడు వధువు గొంతు వినకూడదు, కాబట్టి వాడు ఫోన్ చెయ్యలేడు. నేనే చెయ్యాలి. సిగ్నల్ కోసం ఓ బండరాయి ఎక్కి స్తమెనకు ఫోన్ కలిపాను. ఆమె చుట్టూ ఆడవాళ్ల పాటలు వినిపిస్తున్నాయి.

"ఏంటి మామయ్యా? ఇక్కడ నాకు జడ వేస్తున్నారు."

"బండి మరిగింది."

"ఫ్యాను తిరుగుతోందా?"

"బ్రహ్మాండంగా తిరుగుతోంది" అన్నాను. పళ్లు పీకించుకున్నా అంత నొప్పి ఉండదు. "ముందు తువ్వాలు అడ్డంగా ఉంది. దుప్పటంత."

"ఎవరు కట్టారు దాన్ని అక్కడ?"

"అది ఇప్పుడు ముఖ్యం కాదమ్మా."

నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది. తర్వాత పని తెలిసిన మనిషి గొంతుతో, మా షెడ్డులో వంగి నాలుగు వేళ్లు పెట్టి చూసిననాటి ఆ గొంతుతోనే, చెప్పింది.

"విప్పనివ్వరు కదా. సరే. ఫ్యాను దగ్గర ఎర్ర తీగ, నల్ల తీగ ఉన్నాయి. రెండూ పీకి, దానిది దీనికి, దీనిది దానికి పెట్టు. ఫ్యాను వెనక్కి తిరుగుతుంది. లోపలికి పీల్చేది కాస్తా బయటికి ఊదుతుంది. తువ్వాలు పైకి లేస్తుంది, గాలికి దారి దొరుకుతుంది. బానెట్ ఊడదీసి వెనక పడెయ్యండి, చల్లగాలి పైనుంచి దిగుతుంది. గాలి కొంచెం తగ్గుతుంది, కానీ నడకంత నెమ్మదిగా వస్తే చాలు. మామయ్యా, నువ్వే పెట్టు. ఆయన చేతులు వణుకుతుంటాయి."

బానెట్ తీసేశాం. నీళ్లు చల్లారాక, వాగు దగ్గర క్యానులో పట్టుకున్న నీళ్లు నింపాం. నేను లోపలికి చెయ్యి పెట్టి ఎర్రదాని చోట నల్లది, నల్లదాని చోట ఎర్రది పెట్టాను. ఇంతే. ఇంకేం లేదు. నా ఇనుప ఫ్యానుకు ఈ పని చేయించాలంటే ఇంజిన్‌నే వెనక్కి తిప్పాలి.

"వెయ్యరా."

రివ్వుమంది. తువ్వాలు ముందు ఉబ్బింది, తర్వాత కింది అంచు లేచింది, కోడిపుంజులన్నీ గాల్లోకి ఎగిరాయి. బండి కదిలింది. ఎదురుగాలి వీస్తున్నా తువ్వాలు మాత్రం ముందుకే ఎగురుతోంది. అమ్మ శిలువ గుర్తు వేసుకుంది. "చూశావా, నా చేతి నేత!" అంది. బాకాలు మళ్లీ అందుకున్నాయి.

ముల్లు ఎర్రగీత కిందే వణుకుతూ నిలబడింది. నేను ఆ పచ్చలైటునే చూస్తూ కూర్చున్నాను. ఆరిపోకు తల్లీ, ఆరిపోకు అని మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో. చివరి మలుపులో ఇంజిన్ గొంతు చించుకుంటుంటే వుకొమన్ చేతిమీద చెయ్యి వేసి, "వెళ్లు నాన్నా, వెళ్లు" అన్నాను. పన్నెండుకు పది నిమిషాలు ఉందనగా రదోయ్కొ గుమ్మం ముందు ఆగాం.

స్తమెన తెల్లగౌనులో బయటికి వచ్చింది. ఏడు ముడులు. నేను బిగించిన ముడులు కదా, చాలాసేపు పట్టింది. నాలుగోదాని దగ్గర పంటితో లాగింది. ఆడవాళ్లు ఏడవడం మర్చిపోయి నవ్వారు. తువ్వాలు విప్పి మడిచి, వుకొమన్ మెడలో వెయ్యాల్సిందాన్ని తెచ్చి నా భుజాన వేసింది. ఇంకా వేడిగా ఉంది.

"తీగలు మళ్లీ మార్చాలి మామయ్యా, దిగేటప్పటికి" అంది చెవిలో. "నువ్వే మార్చు. బాగా పెట్టావు."

నేను ముప్ఫై ఏళ్ల మెకానిక్‌ని. రెండు తీగలు పెట్టినందుకు మెచ్చుకుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

రదోయ్కొ నన్ను ట్రాక్టరు చాటుకు లాక్కెళ్లాడు. తాడు ఇంకా భుజాననే ఉంది. ట్రక్కు వెనక ఉన్న కంబళి ఆయన కళ్లలో పడింది.

"బావగారూ, నిజం చెప్పండి. దారిలో ఇనుపది బిగించేశారు కదూ? మనలో మాట. అవునంటే నేను అందరికీ చెప్పేస్తాను. మన పరువు దక్కుతుంది."

అవునంటే సరిపోతుంది. బానెట్ లేని ఇంజిన్ అక్కడే ఉన్నా, చూసి గుర్తుపట్టేవాళ్లు ఆ గుంపులో వుకొమన్, స్తమెన ఇద్దరే, పెళ్లిరోజున వాళ్లు నోరెత్తరు. నేను తువ్వాలు అంచు పట్టుకుని నిలబడ్డాను. అటు స్తమెన గౌను పైకి పట్టుకుని బండి ఎక్కుతోంది, మా అమ్మ పక్కకు జరిగి చోటిస్తోంది.

"లేదు బావగారూ. మీ అమ్మాయి ఫ్యానే" అన్నాను. "మనం తప్పు చెప్పాం. ముడులు కూడా నేనే వేశాను, అది కూడా చెప్పండి అందరికీ."

రదోయ్కొ తాడు భుజంమీంచి దించాడు. తర్వాత కంబళి దగ్గరికి పోయి, విప్పి, ఇనుప ఫ్యాను రెక్కను వేలితో ఒక్కసారి తిప్పాడు. అది చప్పుడు లేకుండా తిరిగి, నెమ్మదిగా ఆగింది.

"రంగు మీరే వేశారా?"

"నేనే. రెండు పూతలు."

"నా ట్రాక్టరుకు పడుతుందంటారా?"

"పడుతుంది. ముందు ఏ తువ్వాలూ కట్టకండి."

అలా ఆయన పిల్లను మేం తెచ్చుకున్నాం, నా ఫ్యానును ఆయన ఉంచుకున్నాడు. బండి కొండ దిగుతుంటే వెనక్కి తిరిగి చూశాను. రదోయ్కొ గుమ్మంలో నిలబడి ఒక చేత్తో కూతురికి చెయ్యి ఊపుతున్నాడు, రెండో చేత్తో దాన్ని గుండెకు హత్తుకున్నాడు. మలుపు తిరిగేదాకా ఆ ఆకుపచ్చ రంగు కనిపిస్తూనే ఉంది.

"నేనే ఏడవడం లేదు, నువ్వెందుకు మామయ్యా ఏడుస్తున్నావు?" అంది స్తమెన.

"నువ్వు మా ఇంటికి వస్తున్నావమ్మా. నా ఫ్యానే అత్తారింట్లో ఉండిపోయింది" అన్నాను తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ.